జన నాట్య మండలి

జన నాట్య మండలి 1972లో హైదరాబాద్ కేంద్రంగా మొదలైన పాటల దళం. అమెరికాలో ముప్పై ఏళ్లపాటు ఊరూరా తిరిగి పాడిన రాక్ బృందాలకు తెలుగు నేల మీద సాటి ఏదని ఎవరైనా అడిగితే చెప్పదగిన పేరు ఇదే. గిటారు లేదు, డ్రమ్ సెట్ లేదు. ఒక డప్పు, కాళ్లకు గజ్జెలు, భుజాన గొంగడి, చేతిలో కర్ర, నలుగురైదుగురు మనుషులు. టిక్కెట్టు పెట్టలేదు, పాట మీద హక్కు అడగలేదు. గద్దర్‌గా లోకానికి తెలిసిన గుమ్మడి విఠల్‌రావు, ఉత్తరాంధ్ర వాగ్గేయకారుడు వంగపండు ప్రసాదరావు దీనికి రెండు గొంతులు. 1980లో కొండపల్లి సీతారామయ్య నాయకత్వాన పీపుల్స్‌వార్ ఏర్పడ్డాక మండలి దాని సాంస్కృతిక విభాగంగా పనిచేసింది. ఆ పార్టీ తుపాకీ పట్టింది, మనుషులను చంపింది. పాటను ఆ చరిత్ర నుంచి విడదీసి మెచ్చుకోవడం సులువే గానీ నిజాయితీ కాదు.

పేరు ప్రయాణం

గద్దర్ అనే పేరు పుట్టింది విఠల్‌రావు సొంతూరు తూప్రాన్‌లో కాదు, శాన్‌ఫ్రాన్సిస్కోలో. అమెరికా పడమటి తీరంలో రంపపు మిల్లుల్లో, పొలాల్లో పనిచేసే పంజాబీలు, చదువుకోవడానికి వెళ్లిన కుర్రాళ్లు కలిసి 1913లో గదర్ పార్టీ పెట్టారు. ఆ ఏడాది నవంబరు 1న పార్టీ పత్రిక ‘గదర్’ మొదట ఉర్దూలో వెలువడింది. గదర్ అంటే తిరుగుబాటు. ఆ పార్టీలో తెలుగువాడూ ఉన్నాడు. కనిగిరికి చెందిన దరిశి చెంచయ్య అమెరికాకు చదువు కోసం వెళ్లి గదర్ వీరుడిగా తిరిగొచ్చాడు. ఆయన ఆత్మకథ ‘నేను – నా దేశం’ ఇప్పటికీ చదివిస్తుంది. ఆ పార్టీ జ్ఞాపకంగా విఠల్‌రావు తొలి పాటల సంపుటికి ‘గద్దర్’ అని పేరు పెట్టారు. సంపుటి పేరు కాస్తా మనిషి పేరై కూర్చుంది. ఉర్దూ తెలిసిన హైదరాబాదీ చెవికి ‘గద్దార్’ అంటే ద్రోహి. దీర్ఘం ఒక్కటి తేడా కొడితే అర్థం తిరగబడే పేరును ఆయన యాభై ఏళ్లు మోశారు.

తిరుగుబాటు పత్రిక అచ్చయిన అదే శాన్‌ఫ్రాన్సిస్కో అరవైల నాటికి రాక్ సంగీతపు రాజధాని. పక్కనే పాలో ఆల్టోలో 1965లో పుట్టి, ఆ నగరంలో పేరు తెచ్చుకున్న గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం 1995లో జెర్రీ గార్సియా చనిపోయేదాకా రెండువేల మూడువందలకు పైగా కచేరీలు చేసింది. శ్రోతలు కచేరీని టేపు చేసుకుంటామంటే వద్దనలేదు. 1984 నుంచి రికార్డు చేసుకునేవాళ్లకు విడిగా చోటే కేటాయించింది. ఆ టేపులు చేతులు మారి బృందాన్ని బతికించాయి. జన నాట్య మండలి పాటలదీ అదే తీరు. క్యాసెట్ నుంచి క్యాసెట్‌కు ఎక్కి, ఎవరు రాశారో తెలియకుండానే నోటికొచ్చాయి. తేడా ఒకటే: అక్కడ టేపు ఉన్నవాడు అభిమాని, ఇక్కడ కొన్నేళ్లపాటు అనుమానితుడు.

ముందు పాడినవాళ్లు

మండలి శూన్యంలోంచి ఊడిపడలేదు. 1943లో మొదలైన ప్రజానాట్య మండలి బుర్రకథను షేక్ నాజర్ చేతిలో పెట్టి ఊళ్లను ఊపింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన ‘మా భూమి’ నాటకం వందల ప్రదర్శనలు చూసింది. నల్లగొండ జిల్లాలో సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల బాణీని తెలంగాణ సాయుధ పోరాటానికి వాడాడు. శ్రీకాకుళంలో సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథ చెప్పి, 1969 డిసెంబరులో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. ఒక్కొక్కరూ తమ పక్కనున్న జానపద రూపాన్ని అందుకుని అందులో కొత్త మాట పోశారు.

హైదరాబాద్‌లో ఈ తీగను అందుకున్నది తర్వాత సినిమా దర్శకుడైన బి. నర్సింగరావు. ఆయన చుట్టూ చేరిన ఆర్ట్ లవర్స్ అనే మిత్రబృందమే మండలికి పురుడు పోసింది. బుర్రకథలు చెప్పుకుంటున్న విఠల్‌రావును పాట రాయమని పురమాయించిందీ ఆయనే. మండలికి ముందే, 1971లో వచ్చిన ఆయన తొలి పాట రిక్షా తొక్కేవాడిని ఆపి పలకరించే పాట. మొదటి శ్రోతగా రైతునో కూలీనో కాక నగరపు రిక్షావాణ్ని ఎంచుకోవడం గమనించదగ్గ విషయం. ఊరిని వదిలి పట్నం చేరినవాడితోనే ఈ దళం మాట కలిపింది.

అప్పటికి వంగపండు విశాఖ వైపు పాడుతున్నాడు. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లి ఆయన ఊరు. ఉత్తరాంధ్ర యాస, కొండ దరువు, ఆడామగా కలిసి అడుగేసే ఊపు ఆయన బలం. ‘ఏం పిల్లడో’ పాట భాషలు దాటింది. గద్దర్ గొంతులో ఆర్తి ఎక్కువ, వంగపండు గొంతులో చమత్కారం ఎక్కువ. ఒకరు ఏడిపించి లేపితే మరొకరు నవ్వించి లేపారు. నా మటుకు నాకు వంగపండు పాటకు దక్కాల్సినంత పేరు దక్కలేదనే అనిపిస్తుంది. రాజధానికి దూరంగా ఉండటమే అందుకు సగం కారణం.

పాట కట్టే తీరు

బాణీ జనం దగ్గర తీసుకోవడం, మాట మార్చి తిరిగి జనానికివ్వడం మండలి పద్ధతి. బతుకమ్మ పాట, ఉయ్యాల పాట, ఒగ్గుకథ దరువు, శారద కథ నడక, బిచ్చమడిగేవాళ్ల రాగం, పసిపిల్లను జోకొట్టే వరస ఏదీ వదల్లేదు. విన్నవాడికి బాణీ ముందే తెలుసు కాబట్టి రెండో చరణానికే కోరస్ అందుకుంటాడు. సంగీతం నేర్పే పని తప్పిపోవడంతో పాటకు మాట చెప్పే పనే మిగిలేది.

వేదిక మీద ఒకరు ముందు పాడతారు, ఇద్దరు వెనక నుంచి అందుకుంటారు. చరణానికీ చరణానికీ మధ్య ముందువాడు ఆగి ముచ్చట చెబుతాడు. ఆ ముచ్చట ఊరిని బట్టి మారుతుంది. నిన్న ఆ ఊళ్లో జరిగిన కూలిపోరు ఇవాళ పాటలోకి దిగుతుంది. అందుకే ఒకే పాట అయిదు నిమిషాలూ నడిచేది, ముప్పావుగంటా నడిచేది. ఆట, మాట, పాట మూడూ విడదీయరానివి. క్యాసెట్‌లో పాట ఒక్కటే దొరుకుతుంది, అదీ చల్లారిపోయి. గద్దర్ గోచీ కట్టి, గొంగడి కప్పి, కర్ర తిప్పుతూ ఒక కాలి మీద గజ్జె మోగించడం చూసినవారు ఆ టేపు వింటే తృప్తిపడరు.

సినిమా కూడా ఈ పాటను ముట్టుకుంది. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మించిన ‘మా భూమి’ సినిమాలో బండి యాదగిరి కట్టిన ‘బండెనక బండి’ని గద్దర్ తెర మీదికొచ్చి పాడారు. పాట తెలంగాణ సాయుధ పోరాటం నాటిది, గొంతు డెబ్బైల నాటిది. ముప్పై ఏళ్ల ఎడం ఆ కొన్ని నిమిషాల్లో పూడిపోయింది. 1983లో నర్సింగరావు ‘రంగుల కల’లోనూ ఆయన పాడారు. ఆర్. నారాయణమూర్తి సినిమాలు వంగపండు పాటలకు తెర ఇచ్చాయి. 1995లో దాసరి నారాయణరావు తీసిన ‘ఒరేయ్ రిక్షా’లో గద్దర్ రాసిన చెల్లెలి పాటను వందేమాతరం శ్రీనివాస్ పాడారు. దానికి నంది పురస్కారం ప్రకటిస్తే గద్దర్ తీసుకోలేదు.

అజ్ఞాతం, వెలుగు, తూటా

గద్దర్ 1975లో కెనరా బ్యాంకులో గుమాస్తాగా చేరారు. పగలు లెడ్జరు, రాత్రి గజ్జెలు. ఈ రెండు పడవల ప్రయాణం 1984లో ఉద్యోగం వదిలేదాకా సాగింది. 1985 జూలై 17న కారంచేడులో దళితుల ఊచకోత జరిగింది. దాని మీద మండలి పాటలు కట్టింది, నిర్బంధం బిగిసింది, గద్దర్ అజ్ఞాతంలోకి వెళ్లారు. ఎన్టీ రామారావు ప్రభుత్వం నక్సలైట్ల పట్ల ‘ఆట, మాట, పాట బంద్’ అన్నదని ఆనాటి జనం వాడుక. దళం అడవిలోకి వెళ్లి దండకారణ్యపు గోండు, హల్బీ మాటలకు పాటను అలవాటు చేసింది.

1989 ఎన్నికల తర్వాత మర్రి చెన్నారెడ్డి ప్రభుత్వం పట్టు సడలించింది. 1990 ఫిబ్రవరిలో గద్దర్ బయటికొచ్చి నిజాం కాలేజీ మైదానంలో పాడిన సభ హైదరాబాద్ చూసిన పెద్ద సభల్లో ఒకటి. ఆ మే నెలలో వరంగల్ రైతుకూలీ సంఘం మహాసభకు లక్షల్లో వచ్చారు. మండలి జీవితంలో అదే పతాక ఘట్టం. రెండేళ్లకు, 1992లో పీపుల్స్‌వార్ మీద నిషేధం వచ్చింది. 1995లో ఎత్తేశారు, 1996లో మళ్లీ పెట్టారు.

1997 ఏప్రిల్ 6న సికింద్రాబాద్ అల్వాల్ దగ్గర వెంకటాపురంలోని ఇంట్లో గద్దర్ మీద కాల్పులు జరిగాయి. ఒక తూటా వెన్నులో ఉండిపోయింది, చనిపోయేదాకా అక్కడే ఉంది. ఆ తర్వాత కూడా ఆయన ఎగిరి ఆడారు. 2004లో ప్రభుత్వంతో శాంతి చర్చలకు వరవరరావు, కల్యాణరావులతో పాటు పీపుల్స్‌వార్ ప్రతినిధిగా మధ్యవర్తిత్వం నడిపారు. చర్చలు చెడ్డాయి. మండలి అనే సంస్థ ఆ తర్వాత పల్చబడింది. మిగిలింది గొంతులు, బాణీలు, ఆ కట్టు.

ఎల్బీనగర్ చౌరస్తా

ఆ మిగిలిందానికి ఏమైందో తెలియాలంటే హైదరాబాద్ తూర్పు ముఖద్వారం దగ్గర నిలబడాలి. విజయవాడ రహదారి, నాగార్జునసాగర్ రోడ్డు ఎల్బీనగర్‌లో కలుస్తాయి. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం నుంచి వచ్చేవాడికి పట్నం ఇక్కడే మొదలవుతుంది. బస్సు దిగినవాడు కొత్తపేట, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్ దాకా ఎక్కడో ఒకచోట గది వెతుక్కుంటాడు. కోచింగ్ సెంటర్లూ హాస్టళ్లూ నిండేది వాళ్లతోనే. సుద్దాల హనుమంతు పాడిన జిల్లా మనవలు, బండెనక బండి కదిలిన ఊళ్ల మనవలు ఇక్కడ గ్రూప్స్ పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటారు. పాట కూడా ఇదే దారిన వచ్చింది. ఊరు మనదేనని చాటే పాట రాసి, అనేక భాషలకు ఎక్కించిన గూడ అంజయ్య పుట్టింది ఆదిలాబాద్ జిల్లా లింగాపురంలో, 2016 జూన్ 21న కన్నుమూసింది మాత్రం సాగర్ రోడ్డు వైపు రాగన్నగూడలో.

2002లో కామారెడ్డిలో రసమయి బాలకిషన్ మొదలుపెట్టిన ‘ధూంధాం’ మండలి కట్టునే తీసుకుంది: అదే డప్పు, అదే గజ్జె, చరణాల మధ్య అదే ముచ్చట. మారింది లక్ష్యం. వర్గపోరు స్థానంలో ప్రత్యేక రాష్ట్రం వచ్చింది. పాత విప్లవగాయకులూ కొత్త కుర్రాళ్లూ ఒకే వేదిక ఎక్కారు.

2009 నవంబరు 29న తెలంగాణ ఉద్యమ నేత కేసీఆర్ అరెస్టు వార్త తర్వాత ఎల్బీనగర్ చౌరస్తాలో కాసోజు శ్రీకాంతాచారి ఒంటికి నిప్పంటించుకున్నాడు. నల్లగొండ జిల్లా పొడిచేడు అతని ఊరు. డిసెంబరు 3న చనిపోయాడు. 9వ తేదీ రాత్రి కేంద్ర హోంమంత్రి చిదంబరం తెలంగాణ ప్రక్రియ మొదలుపెడతామని ప్రకటించారు. ఇప్పుడు చౌరస్తాలో అతని విగ్రహం ఉంది. అమరుల మీద పాట కట్టడం జన నాట్య మండలి నేర్పిన విద్య. అడవిలో చనిపోయినవాళ్ల కోసం పుట్టిన ఆ వరస ఈ సిటీ బస్సుల కూడలికి వచ్చి చేరింది. 2011లో ఎన్. శంకర్ ‘జై బోలో తెలంగాణ’ సినిమాకు గద్దర్ పాడిన పొద్దుపొడుపు పాట రాస్తారోకోల్లో, వంటావార్పుల్లో ఊరేగింది.

చివరి అంకం

గద్దర్ 2018 ఎన్నికల్లో జీవితంలో మొదటిసారి ఓటు వేశారు. ఒకనాడు ఎన్నికల బహిష్కరణ పాటలు పాడినవాడు క్యూలో నిలబడటం పాత సహచరులకు మింగుడుపడలేదు. 2023 జూన్‌లో గద్దర్ ప్రజా పార్టీ ప్రకటించారు. వంగపండు అప్పటికి లేరు; 2020 ఆగస్టు 4న పార్వతీపురంలో పోయారు. మూడేళ్లకు, 2023 ఆగస్టు 6న గద్దర్ చనిపోయారు. భౌతికకాయాన్ని ఎల్బీ స్టేడియంలో ఉంచారు. మర్నాడు అల్వాల్‌లో, ఆయన పెట్టిన మహాబోధి విద్యాలయ ఆవరణలో, ప్రభుత్వ లాంఛనాలతో ఖననం జరిగింది. ఆ జనసందోహంలోనే ఆయన మిత్రుడు, సియాసత్ పత్రిక మేనేజింగ్ ఎడిటర్ జహీరుద్దీన్ అలీ ఖాన్ గుండె ఆగి చనిపోయారు.

నంది వద్దన్న మనిషి పేరునే తెలంగాణ ప్రభుత్వం సినిమా పురస్కారాలకు పెట్టింది. గద్దర్ అవార్డుల తొలి ప్రదానం 2025 జూన్ 14న హైటెక్స్‌లో జరిగింది. రాష్ట్రం వచ్చాక ఏర్పడిన తెలంగాణ సాంస్కృతిక సారథికి మొదట రసమయి బాలకిషన్, 2024 నుంచి గద్దర్ కూతురు వెన్నెల అధ్యక్షులయ్యారు. అందులో 550 మంది కళాకారులు నెలజీతం మీద పాడతారు. గొంగడీ గజ్జెలూ అవే. పాటలో ముచ్చట మాత్రం ప్రభుత్వ పథకాలది.