పినాకపాణిగారి పాఠము

తూర్పు హైదరాబాదులోని కొత్తపేట, చైతన్యపురి, సరూర్‌నగర్ ప్రాంతముల కాలనీలలో ఆదివారపు ప్రొద్దున నడచిపోవువారికి ఏదో యొక మేడమీది గదినుండి శ్రుతిపెట్టె నాదమును, దాని ననుసరించి పిల్లలు గొంతు కలిపి పాడుచున్న మాయామాళవగౌళ సరళి వరుసలును వినవచ్చుట క్రొత్తగాదు. వరుసలు, అలంకారములు, గీతములు ముగిసి పెద్దపిల్లలు భైరవి రాగపు అటతాళ వర్ణమునకు వచ్చునప్పటికి మాత్రము పాఠపు నడక మందగించును. గాంధారమును ఎంత ఊపవలెనో, నిషాదము నెచ్చట తేలికగా తాకి విడువవలెనో గురువు ఒక్క పాదమునే పదిమార్లు చెప్పించును, పిల్లలు విసుగుచెందుదురు, గురువు విడువరు. ఆ పట్టుదల యెక్కడిదని విచారించుచు పోయినచో, దిల్‌సుఖ్‌నగర్‌నందుగాని ఎల్.బి.నగర్‌నందుగాని ఎన్నడును కాపురముండని ఒక వైద్యుని యింటి ముంగిటికి మనము చేరుదుము. ఆయన డాక్టరు శ్రీపాద పినాకపాణిగారు.

ఈ కాలనీల ప్రాంతము సంగీతక్షేత్రముగా పుట్టినది కాదు. 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ అవతరించి, కర్నూలునుండి కార్యాలయములు హైదరాబాదునకు తరలివచ్చిన పిమ్మట, ఉద్యోగములకై కొందరును, పిల్లల చదువులకై కొందరును, వర్తకమునకై మరికొందరును నల్లగొండ, ఖమ్మము, కృష్ణా, గుంటూరు సీమలనుండి విజయవాడ బాటవెంట వచ్చి, పట్టణపు తూర్పు వాకిట నిలిచిపోయిరి. లాల్ బహదూర్ శాస్త్రి పేరు ధరించిన ఎల్.బి.నగర్ 2007లో మహానగర పాలక సంస్థయందు కలియువరకు ప్రత్యేక పురపాలక సంఘముగనే యుండెను. వచ్చిన కుటుంబములు కొన్ని తమ బిందెలతోను దేవుని పటములతోను పాటు స్వరములు వ్రాసికొన్న నోటుపుస్తకములను గూడ తెచ్చుకొనెను. మా వీథియందే అట్టి పుస్తకములు రెండిండ్లలో చూచితిని. సిరా వెలిసి, అట్టలు సడలి, ఐనను ప్రతి కృతిమీదను నేర్చుకొన్న తేది స్పష్టముగా నున్నది.

ఆ పుస్తకముల వెనుక నున్నది ఒక్క సంప్రదాయమే కాదు. త్యాగరాజస్వామి శిష్యుడైన మానాంబుచావడి వెంకటసుబ్బయ్యగారినుండి సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారికిని, వారినుండి పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారికిని దిగివచ్చిన పరంపర బెజవాడను ఆశ్రయించి, మంగళంపల్లి బాలమురళీకృష్ణగారివంటి శిష్యుని లోకమున కిచ్చెను. ఉత్తరమున విజయనగరమందు 1919లో నెలకొన్న సంగీత కళాశాల ఆదిభట్ల నారాయణదాసుగారిని తొలి అధ్యక్షునిగా పొంది, పిదప ద్వారం వెంకటస్వామినాయుడుగారి కాలమున వాయులీనమునకు నిలయమయ్యెను. పినాకపాణిగారు ఏ ఆస్థానమును, ఏ సంగీత కళాశాలను ఆశ్రయింపక, ఆస్పత్రి కొలువులో నుండియే మూడవ మార్గమొకటి తీర్చిరి.

వారు 1913 ఆగస్టు 3న నేటి శ్రీకాకుళం జిల్లాలోని ప్రియాగ్రహారమున జన్మించిరి. మైసూరు విద్వాంసులైన బి.ఎస్. లక్ష్మణరావుగారియొద్ద తొలిపాఠములు నేర్చిరి. ద్వారంవారి వాద్యమాధుర్యము వారి మనస్సును పట్టుకొనెను. విశాఖపట్టణమున ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి 1938లో వైద్యపట్టము నందిరి. అటుపై చెన్నపట్టణమందు రంగరామానుజ అయ్యంగారియొద్ద వారు చేసిన శిష్యరికము నెలదినములు మాత్రమే. అయినను ఆ నెలయే వారి దిక్కును మార్చినదని నా యభిప్రాయము. వీణ ధనమ్మాళ్ ఇంటి సంగీతపు నెమ్మదియు, అరియక్కుడి రామానుజ అయ్యంగారి కచేరీలలోని పొందికయు విని, తంజావూరు సీమలో కృతిని ఇంత తీరికగా, ఇంత గమకసంపన్నముగా పాడుచుండగా, ఆ కృతుల భాషను ఇంటిభాషగా మాటాడు మన సీమలో అది యేల లేకపోవలెనను ప్రశ్న వారిని వదలలేదు.

ఆ ప్రశ్నకు వారు కచేరీలతో ఉత్తరము చెప్పలేదు, పాఠముతో చెప్పిరి. పగలు రోగులు, వైద్య విద్యార్థులు. ఉదయసాయంకాలములు సంగీతము: మొదట విశాఖపట్టణమందును, తరువాత 1957లో వైద్య కళాశాల యేర్పడిన కర్నూలునందును వారి జీవితము ఈ తీరుననే సాగెను. సంగీతముపై జీవనభారము మోపవలసిన యగత్యము లేనందున, తమకు రుచించిన దానినే, తమకు తృప్తి కలుగువరకు చెప్పగలిగిరి. గొప్ప గాయకులని పేరుపడినవారు పెక్కురు తమ పాటను శిష్యుని గొంతులో వినగోరుదురు. పినాకపాణిగారు రాగమును వినగోరిరి.

వైద్యుడు రోగిని చూచి, తానూహించినది గాక తన కంటబడినదియే చీటీమీద వ్రాయును. సంగీతమును వ్రాయుటలోను వారు ఈ నియమమునే పాటించిరని నాకు తోచుచున్నది. పూర్వపు పుస్తకములలో పెక్కింట కృతికి స్వరమనగా ఎముకల గూడువంటిది. గాంధారమున్న చోట ‘గ’ అని యుండును, దానిని ఎట్లు పలుకవలెనో గురుముఖమున తెలిసికొనవలసినదే. వారట్లు గాక, ఊగుచున్న గాంధారములో రిషభమును మధ్యమమును ఎంతమాత్రము కలియుచున్నవో, ఏ స్వరము ఎన్నవ వంతు కాలము నిలుచుచున్నదో విడదీసి, గమకమునే స్వరములుగా లిఖించిరి. తిరుమల తిరుపతి దేవస్థానమువారు నాలుగు సంపుటములుగా ప్రకటించిన ‘సంగీత సౌరభము’ ఈ పరిశ్రమకు ఫలము. గమకమును కాగితము పట్టునా యని శంకించువారు ఇప్పటికిని కలరు. పట్టదనుట నిజమే, గురువు నొకమారు విన్నవానికి మరపురాకుండ కాపాడుటయే ఆ లిపి చేయగల పని, అది యల్పమైన పని గాదు. నోటుపుస్తకములతో వలసపోయిన జనులకు ఇంతకన్న కావలసిన దేమున్నది?

మనోధర్మముపైనను, పల్లవిపైనను వారు గ్రంథములు వ్రాసిరి. ‘నా సంగీత యాత్ర’ యను పేర స్వీయచరిత్రమును వ్రాసిరి. కాని వారి ముఖ్యగ్రంథములు వారి శిష్యులే. 1949 ప్రాంతమున వారిని చేరిన నేదునూరి కృష్ణమూర్తిగారు, అన్నమాచార్య కీర్తనలకు వరుసలు కూర్చి ప్రతి యింటికిని చేర్చిరి. విజయవాడ ఆకాశవాణినుండి వినిపించిన వోలేటి వేంకటేశ్వర్లుగారి గొంతు, ఆ తరమువారి చెవులలో నేటికిని మ్రోగుచునే యున్నది. ఒకే గురువు శిష్యులయ్యును ఈ యిరువురి పాట ఒకదానివలె నొకటి యుండదు. ఆ పాఠము సరియైనదనుటకు నాకు ఇంతకు మించిన సాక్ష్యము కనబడదు. మల్లాది సూరిబాబుగారును, వారి కుమారులైన మల్లాది సోదరులును ఆ బాణిని ముందుతరమునకు నడిపిరి.

హైదరాబాదునకు ఆ పాఠము ఇరువురి చేతులమీదుగా ముఖ్యముగా వచ్చెను. విజయనగరము సీమలో పుట్టిన శ్రీరంగం గోపాలరత్నంగారు కవిరాయని జోగారావుగారియొద్దను, పినాకపాణిగారియొద్దను నేర్చి, హైదరాబాదు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలకు అధ్యక్షత వహించి, 1992లో పద్మశ్రీ నంది, మరుసటి యేడే గతించిరి. నూకల చిన సత్యనారాయణగారు ద్వారంవారియొద్దను పినాకపాణిగారియొద్దను శిక్షణ పొంది, ఈ నగరముననే వృద్ధులై, 2010లో పద్మభూషణులైరి. వీరియొద్దను, వీరి శిష్యులయొద్దను నేర్చినవారు తూర్పు హైదరాబాదులోని అద్దె యిండ్లలో చాప పరచి పాఠములు మొదలిడిరి. నేటి ఆదివారపు వర్ణమున ఆ గాంధారము అట్లు ఊగుట ఇందువలననే.

పినాకపాణిగారికి 1983లో మద్రాసు సంగీత విద్వత్సభ సంగీత కళానిధి బిరుద మొసగెను. 1984లో పద్మభూషణ పురస్కారము వచ్చెను. 2013 మార్చి 11న, నూరేండ్లు నిండుటకు అయిదు నెలలు కొదువగా, కర్నూలులో వారు కన్నుమూసిరి. ఆ యేటి జూలైలో నూకలవారును వెళ్లిపోయిరి.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతముల పాఠకులకు ఒక్క విన్నపము. తల్లిదండ్రులు వ్రాసికొన్న స్వరముల నోటుపుస్తకములు మీ అటకమీద నున్నచో, ఇల్లు మారునప్పుడు వానిని పాత కాగితములవానికి తూచి యీయకుడు. మీ వీథిలో పాఠము చెప్పు గురువునకు చూపుడు. వారు ఆ పుస్తకమును ఒకమారు పాడి వినిపింతురు.