జంతు ప్రదర్శనశాలలు: నైతిక చర్చ చరిత్ర

అడవి జంతువులను పట్టి తెచ్చి, మూసి ఉంచి, జనానికి చూపించడం న్యాయమేనా అన్న వాదం జూలు పుట్టినప్పటి నుంచీ ఏదో ఒక రూపంలో సాగుతూనే ఉంది. మొదట్లో అది బోను ఎలా ఉండాలన్న వాదం. తరువాత లోపలి జంతువు బాగుందా అన్నది ముందుకొచ్చింది. 1970ల నుంచి, అసలు అది అక్కడ ఎందుకుండాలన్నదే ప్రధాన ప్రశ్న అయింది.

తొలి జూలు

పులులను, సింహాలను కోటలో ఉంచుకోవడం ఒకప్పుడు రాజుల దర్పానికి గుర్తు. ఇప్పటికీ నడుస్తున్న జూలలో అతి పాతదైన వియన్నాలోని షోన్‌బ్రున్ 1752లో రాజకుటుంబం కోసం కట్టినదే. ఫ్రెంచి విప్లవ కాలంలో వెర్సాయ్ రాజోద్యానంలో మిగిలిన జంతువులను పారిస్‌కు తరలించి ప్రజల జంతుశాలలో చేర్చారు. లండన్ జూ 1828లో శాస్త్ర పరిశోధన పేరిట మొదలై, 1847లో సామాన్యులకు గేట్లు తెరిచింది. మద్రాసులో 1855లో, కలకత్తా అలీపూర్‌లో 1876లో జూలు వెలిశాయి. అలీపూర్ జూ బాధ్యతలు చూసిన రామబ్రహ్మ సన్యాల్ బందీ జంతువుల పోషణపై 1892లో వెలువరించిన గ్రంథం ఈ రంగంలో తొలి కరదీపికల్లో ఒకటి.

ఊచలకు బదులు కందకం

జర్మన్ జంతు వ్యాపారి కార్ల్ హాగెన్‌బెక్ 1907లో హాంబర్గ్ దగ్గర ఊచల్లేని జూ తెరిచాడు. సింహానికీ జనానికీ మధ్య కందకం తవ్వి, అది కంటికి ఆనకుండా రాళ్లతో, మొక్కలతో కప్పించాడు. చూసేవారికి క్రూరమృగమూ శాకాహారీ ఒకే మైదానంలో తిరుగుతున్నట్టు ఉండేది. ఊచలు కనిపించకపోవడంతో సందర్శకుడి మనసు కుదుటపడింది. కానీ జంతువు బందీగానే ఉంది. పైగా పిల్లలను పట్టడానికి తల్లులను చంపే వేటే ఆనాటి జంతు వ్యాపారానికి ఆధారం. హాగెన్‌బెక్ దూరదేశాల మనుషులను కూడా ప్రదర్శనకు పెట్టాడు.

1906లో న్యూయార్క్ బ్రాంక్స్ జూలో కాంగో యువకుడు ఒటా బెంగాను కోతుల గృహంలో ఒరాంగుటాన్ పక్కన చూపించారు. నల్లజాతి మతబోధకులు నిరసించాక దాన్ని ఆపేశారు. బెంగా 1916లో ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ జూను నడిపే సంస్థ 2020లో క్షమాపణ చెప్పింది.

జంతువు వైపు నుంచి

స్విస్ జంతుశాస్త్రవేత్త హైనీ హెడిగర్ 1942లో ప్రచురించిన గ్రంథంలో బందీ జంతువు ప్రవర్తనను శాస్త్ర విషయంగా నిలబెట్టాడు. ఇరుకు బోనులోని పులి ఒక మూల నుంచి రెండో మూలకు నడుస్తుంది, ఒకే చోట తల తిప్పుతుంది, మళ్లీ అదే దారి పడుతుంది. రోజుల తరబడి అలా తిరిగితే నేల మీద బాట పడిపోతుంది. ఇది హుషారు కాదు, ఒత్తిడికి గుర్తు. అందుకే మాంసాన్ని దాచి వెతికించడం, ఎక్కడానికి దుంగలు వేయడం వంటి పద్ధతులు వచ్చాయి. అయితే వాటికీ హద్దుంది. 2003లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం జూలో ధ్రువపు ఎలుగుకు దొరికే చోటు, అడవిలో అది తిరిగే కనీస పరిధిలో సుమారు పది లక్షల్లో ఒక వంతు.

తత్వవేత్త పీటర్ సింగర్ 1975లో రాసిన ‘యానిమల్ లిబరేషన్’ జంతువుల బాధను నీతిశాస్త్రం మధ్యకు తెచ్చింది. 1985లో మరో తత్వవేత్త డేల్ జేమీసన్ జూలు నేర్పే పాఠమే తప్పుడుదని వాదించాడు: జంతువులు మన వినోదానికి ఉన్నాయన్న భావం పిల్లల్లో పాతుకుపోతుందని.

సమర్థన, దాని చిక్కులు

జూల వైపు గట్టి సాక్ష్యాలూ ఉన్నాయి. 1972 నాటికి అడవిలో లేకుండా పోయిన అరేబియా ఒరిక్స్ జింక, జూలలో పెంచిన మంద వల్లే 1982లో ఒమన్ ఎడారికి తిరిగి వెళ్లింది. హైదరాబాద్ నెహ్రూ జూలాజికల్ పార్కులో సీసీఎంబీ పరిశోధన సంస్థకు చెందిన లాకోన్స్ ప్రయోగశాల సాయంతో పెంచిన మూషిక జింకలను నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో వదిలారు.

అదే సంరక్షణ లెక్క 2014లో కోపెన్‌హాగన్‌లో మరో ముఖం చూపింది. జన్యువైవిధ్యానికి అక్కర్లేదని మారియస్ అనే ఆరోగ్యవంతమైన కుర్ర జిరాఫీని జూ సిబ్బందే చంపి, పిల్లల ఎదుటే కోసి, సింహాలకు వేశారు. జాతిని కాపాడే పనిలో ఒక్కో ప్రాణికి విలువెంత అన్న ప్రశ్నను ఈ ఘటన ప్రపంచం ముందు పెట్టింది.

భారతదేశంలో

వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో చేసిన సవరణతో కేంద్ర జూ అథారిటీ ఏర్పాటుకు దారి పడింది. దాని గుర్తింపు లేకుండా జూ నడపకూడదు. ఏనుగులను జూల నుంచి అటవీ శిబిరాలకు తరలించాలని 2009లో ఈ అథారిటీ ఆదేశించింది. 1998లో కేంద్రం సింహాలు, పులులు, చిరుతలు, ఎలుగులు, కోతులతో ఆటలాడించడాన్ని నిషేధించాక, సర్కస్‌ల నుంచి విడిపించిన సింహాలు, పులుల కోసం విశాఖపట్నం, తిరుపతి జూలలోనూ పునరావాస కేంద్రాలు పెట్టారు. సాధారణ జూకు భిన్నంగా, ఇలాంటి కేంద్రాల్లోని జంతువులను జనానికి చూపరు, వాటిచేత పిల్లలను కననివ్వరు. వేటాడడం నేర్వని ఆ జంతువులను అడవిలో వదలలేరు. ఆయుష్షు తీరేదాకా మేపుతారు, ఆ బందీ తరం అంతటితో ముగుస్తుంది.