మంద్రస్థాయిలో 73 నిమిషాలు

1993లో అమెరికాలోని సియాటిల్ నుంచి ఒక ఆల్బమ్ వచ్చింది. నిర్వాణా అనే రాక్ బృందం పాటలతో ఆ ఊరి పేరు ప్రపంచమంతా మారుమోగుతున్న రోజులవి. నిర్వాణా తొలి ఆల్బమ్‌ను వేసిన సబ్ పాప్ కంపెనీయే దీన్నీ విడుదల చేసింది. పేరు 'ఎర్త్ 2', చేసింది 'ఎర్త్' అనే బృందం. పల్లవి లేదు, గాత్రం లేదు, డ్రమ్స్ దరువు దాదాపు లేదు. ఉన్నవి మూడే ట్రాకులు, 73 నిమిషాలు. డిలన్ కార్ల్‌సన్ గిటార్, డేవ్ హార్వెల్ బేస్ గిటార్ కలిసి మంద్రంలో సాగదీసిన నాదమే ఆల్బమంతా. ఇలాంటి సంగీతాన్ని డ్రోన్ అంటారు. మన మాటల్లో శ్రుతి.

1951లో కాలిఫోర్నియాలో లియో ఫెండర్ 'ప్రెసిషన్ బేస్' అనే బేస్ గిటార్‌ను తెచ్చేదాకా బేస్ వాయించేవాళ్లు మనిషెత్తు వాయిద్యాన్ని మోసుకు తిరిగేవారు. బరువు తగ్గింది గానీ పని మారలేదు. డ్రమ్స్‌కు తోడుగా ఉంటూ పాటను కింద నుంచి మోయాలి. ఆ మోసే స్వరాన్నే సంగీతం చేయడం 'ఎర్త్ 2' సాహసం.

బేస్ గిటార్‌లో లావుపాటి తీగ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. మీటి వదిలేస్తే నాదం కాసేపటికి సన్నగిల్లుతుంది. ఆంప్లిఫయర్ బాగా పెంచి గిటార్‌ను స్పీకర్‌కు ఎదురుగా పట్టుకుంటే మాత్రం, స్పీకర్లోంచి వచ్చిన శబ్దమే తీగను మళ్లీ కదిలిస్తుంది. ఆ కదలిక తిరిగి స్పీకర్లోకి పోతుంది. వేలు తీసేసినా నాదం ఆగదు. చెవి పెట్టి వింటే ఆ ఒక్క స్వరంలోంచే పై స్వరాలు ఒక్కొక్కటీ తేలుతాయి. తంబూరాలో మంద్ర షడ్జం మీటినప్పుడు దానంతటదే పలికే స్వయంభూ గాంధారం తెలిసినవాళ్లకు ఇది పరిచయమైన అనుభవమే.

ఈ సంగీతానికీ మన తంబూరాకూ మధ్య నిజంగానే దారి ఉంది కూడా. కార్ల్‌సన్‌కు స్ఫూర్తినిచ్చినవారిలో న్యూయార్క్ స్వరకర్త లా మాంటీ యంగ్ ఒకరు. ఆయన 1970 నుంచి కిరానా ఘరానా గాయకుడు పండిట్ ప్రాణ్‌నాథ్‌కు శిష్యుడు.

'ఎర్త్' మీద అభిమానంతోనే 1998లో స్టీఫెన్ ఓమాలీ, గ్రెగ్ ఆండర్సన్ మరో బృందం పెట్టి, దానికి 'సన్' అని ఒక ఆంప్లిఫయర్ పేరే పెట్టుకున్నారు. 1960లలో కింగ్స్‌మెన్ బృందంలో బేస్ వాయించే నార్మ్ సండ్‌హోమ్‌కు తన ఆంప్లిఫయర్ చాలకపోవడంతో, అతనూ అతని సోదరుడూ పూనుకుని ఆరెగాన్‌లో తయారుచేసిన ఆంప్లిఫయర్ అది.

ఒక్క మనవి. 'ఎర్త్ 2'ను ఫోన్ స్పీకర్లో వినకండి, అడుగు స్వరాలు అందులో పలకవు. మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదటి ట్రాక్ వినండి, పావుగంట పైచిలుకే.