హాజరు పట్టీకెక్కని తరగతులు

మన బడి స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం కార్యదర్శి అడిగినప్పుడు, కాలువలూ తూములూ కొలుచుకుంటూ ఉద్యోగం చేసే ఇంజనీరుకు రాయడానికేముంటుందని అనుకున్నాను. అదే వారంలో మన బడిలోనే చదివి, ఇప్పుడు విద్యాశాస్త్రంలో పిహెచ్.డి. చేస్తున్న ఒక చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నా, పల్లె బడుల్లో విద్యార్థులూ ఉపాధ్యాయులూ పడిన ఇబ్బందుల మీద నా పరిశోధన. పాత విద్యార్థులతో ప్రశ్నావళి నింపిస్తున్నాను, మీరూ నింపాల" అంది. సరేనన్నాను. పదకొండో ప్రశ్న దగ్గర నా పెన్ను ఆగిపోయింది. "మీ ఉపాధ్యాయులు క్రమం తప్పక బడికి వచ్చేవారా? ఎప్పుడూ / అప్పుడప్పుడు / అరుదుగా."

దానికి నేనేం రాశానో చివర చెబుతాను. ముందు, బడిని ప్రశ్నలు అడగడమనే ఈ పనికి మన గడ్డ మీద ఎంత చరిత్ర ఉందో చెప్పనివ్వండి.

1822 జూన్‌లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో తన రాజధాని పరిధిలో ఎన్ని బడులున్నాయో, ఎవరు చదువుతున్నారో లెక్క పంపమని కలెక్టర్లను ఆదేశించాడు. మన అనంతపురం అప్పుడు బళ్ళారి జిల్లాలో భాగం; ప్రత్యేక జిల్లా అయింది 1882లో. బళ్ళారి కలెక్టరు ఎ. డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో జవాబు పంపాడు. తెలుగు వ్యాకరణం రాసిన మనిషి కనుక అంకెలతో సరిపెట్టలేదు. జిల్లాలో 533 బడులు, అందులో 226 తెలుగువి, 235 కన్నడవి. చదివేవాళ్ళు 6,641 మంది. వాళ్ళలో ఆడపిల్లలు అరవై మందే. జనాభా 9 లక్షల పైమాటే, అంటే వెయ్యిమందిలో ఏడుగురు కూడా బడి మొహం చూడలేదు.

అంకెల తరువాత అతను రాసిన మాటలు ఇంకా ముఖ్యం. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుతున్నారు. పెద్ద పిల్లలు చిన్నపిల్లలకు పాఠం చెబుతున్నారు. చదివే పుస్తకాలు పద్యాల్లో ఉన్నందువల్ల అర్థం తెలియకుండానే వల్లె వేస్తున్నారు. బడులు తగ్గడానికి కారణం జనం బీదవాళ్ళు కావడమేననీ, సీమ సరుకు దిగి ఇక్కడి చేతిపనివాళ్ళ ఆదాయం పోయిందనీ ఆ కంపెనీ అధికారే ఒప్పుకున్నాడు. ఈ కాగితాలన్నిటినీ ధరంపాల్ 1983లో 'ది బ్యూటిఫుల్ ట్రీ' అనే పుస్తకంగా వెలువరించారు. నేను చదివింది అందులోనే. అయితే మన్రో అడిగిన పట్టికలో బడులకు, పిల్లలకు, కులాలకు, ఆడా మగా తేడాకు గడులున్నాయి. పంతులు కష్టసుఖాలకు గడి లేదు.

దాదాపు 180 ఏళ్ళ తరువాత, 2003లో, మైకేల్ క్రెమర్, కార్తీక్ మురళీధరన్ తదితరులు పాల్గొన్న ఒక అధ్యయనంలో దేశమంతటా 20 రాష్ట్రాల్లో సుమారు 3,700 బడులకు చెప్పకుండా మనుషులను పంపారు. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో నూటికి పాతికమంది ఉపాధ్యాయులు ఆ సమయానికి బడిలో లేరని తేలింది. వసతులు బాగున్న బడుల్లో, తారురోడ్డుకు దగ్గరున్న బడుల్లో, తనిఖీలు సరిగా జరిగే బడుల్లో ఈ గైరుహాజరు తక్కువ. పత్రికల్లోకి మాత్రం ఆ పాతిక శాతమే ఎక్కింది.

అప్పటికి హార్వర్డులో డాక్టరేటు చేస్తున్న ఆ మురళీధరనే, వెంకటేశ్ సుందరరామన్‌తో కలిసి 2005 నుంచి మన రాష్ట్రంలో ఇంకో పరీక్ష చేశారు. రాష్ట్ర ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు తోడ్పడ్డాయి. పిల్లలు బాగా నేర్చుకుంటే ఉపాధ్యాయులకు బోనసు ఇస్తామని 200 బడుల్లో చెప్పారు. ఇంకో 100 బడులను పోలిక కోసం ఉంచుకున్నారు. రెండేళ్ళకు బోనసు బడుల పిల్లలు లెక్కల్లోనూ భాషలోనూ ముందుకెళ్ళారు. కానీ ఉపాధ్యాయుల గైరుహాజరు మాత్రం తగ్గలేదు! మరి చదువు ఎలా పెరిగింది? అదనపు తరగతులు పెట్టాం, ఇంటిపని ఎక్కువిచ్చాం, నమూనా పరీక్షలు రాయించాం అని ఉపాధ్యాయులే చెప్పారు. అంటే హాజరు పట్టీ కొలిచేది ఒకటి, పిల్లవాడికి అందేది ఇంకొకటి. కాలువ గేటు ఎన్ని గంటలు తెరిచారో రాసుకున్నంత మాత్రాన చివరి మడికి ఎంత నీరు పారిందో తెలియదు కదా.

ఈ మాట నాకు ఆ పరిశోధన చదవకముందే తెలిసి ఉండాల్సింది.

మేము పదో తరగతి చదివిన 1984-85లో రెండు ఎన్నికలొచ్చాయి. డిసెంబరులో పార్లమెంటుకు, మార్చిలో అసెంబ్లీకి. ఓటర్ల జాబితా అని, శిక్షణ అని, పోలింగు అని మా లెక్కల సారును తాలూకా ఆఫీసువాళ్ళు మాటిమాటికీ పిలిపించుకునేవారు. సంక్రాంతి నాటికి సిలబసు సగం కూడా కాలేదు. మేము భయపడి పై అధికారికి అర్జీ పెట్టాం. "లెక్కల ఉపాధ్యాయులు సరిగా బడికి రావడం లేదు." దస్తూరీ బాగుంటుందని నా చేత రాయించారు. ఎందుకు రావడం లేదో మేము రాయలేదు. సారుకు మెమో వచ్చింది.

ఆయన ఎవరినీ ఏమీ అనలేదు. ఆ వారం నుంచే రాత్రి ఏడింటికి వరండాలో పెట్రోమాక్స్ లైటు వెలిగించి, పబ్లిక్ పరీక్షల దాకా లెక్కలు చెప్పారు. దూరం ఊళ్ళవాళ్ళు అక్కడే చాపలేసుకుని పడుకునేవారు. కిరసనాయిలు డబ్బులు ఎవరివో ఆ రోజుల్లో మేము అడగనేలేదు. మెమో ఫైలులో ఉండే ఉంటుంది. ఆ రాత్రి తరగతులు ఏ రిజిస్టరులోనూ లేవు.

2009 విద్యాహక్కు చట్టం ఉపాధ్యాయులను బోధనేతర పనులకు పంపకూడదంది. జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు మాత్రం మినహాయింపు. ఎన్నికల పని ఈనాటికీ తప్పలేదు.

సారు ఇప్పుడు లేరు. ఆ అర్జీ నేనే రాశానని ఆయనకు ఎప్పుడూ చెప్పలేకపోయాను. మూడేళ్ళు నా నోటుబుక్కులు దిద్దిన మనిషికి నా దస్తూరీ తెలియదనుకోవడం నా అమాయకత్వం.

పదకొండో ప్రశ్నకు "అప్పుడప్పుడు" అనే టిక్కు పెట్టాను. అది నిజమే. తరువాత కాగితం తిప్పి, ఈ కథంతా వెనకవైపు రాసి పంపాను. "దీన్ని ఏ పట్టికలో వేయాలో తెలియడం లేదు గానీ, వదిలిపెట్టను అన్నా" అని ఆ చెల్లెలు జవాబిచ్చింది.

మిత్రులారా, ఆమె ప్రశ్నావళి మీలో చాలామందికి వచ్చే ఉంటుంది. దయచేసి నింపండి. గడుల్లో పట్టనిది వెనకవైపు రాయండి. మన గురువులు ఇంకా ఉన్నచోట, వాళ్ళ కష్టాలు వాళ్ళనే అడిగి రాసుకుందాం. మన్రో పట్టికలో లేని ఆ గడిని పూరించగలిగింది మనమే.