టోపీ మీది సింహం

సూర్యాపేట మీదుగా వెళ్ళే మనవాళ్ళందరూ కల్నల్ సంతోష్‌బాబు విగ్రహం చూసే ఉంటారు. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో అమరుడైన ఆయన 16వ బిహార్ బెటాలియన్ కమాండింగ్ ఆఫీసరు. మరణానంతరం మహావీర చక్ర ప్రకటించారు. ఆ రెజిమెంటు టోపీ బిళ్ళ మీద ఉండేవి అశోకుని సింహాలు. పాటలీపుత్రం అశోకుని రాజధాని కనుక బిహారీలకు అది సొంత ఇంటి గుర్తు.

ఆ రెజిమెంటుకు మన వైపు ఒక చుట్టరికం ఉంది. 1941లో దాని మొదటి బెటాలియన్ తయారైంది 19వ హైదరాబాద్ రెజిమెంటుకు చెందిన 11వ బెటాలియన్ నుంచే.

ఈ హైదరాబాద్ రెజిమెంటు మూలాలు 1813 నాటివి. రెసిడెంటు హెన్రీ రస్సెల్ నిజాం సొమ్ముతో ఒక దళాన్ని నిలబెట్టాడు. రస్సెల్ బ్రిగేడ్ అన్నారు. తర్వాత అదే హైదరాబాద్ కంటింజెంట్‌లో భాగమైంది. జీతాలు నిజాం ఖజానావి, హుకుం ఇంగ్లీషువాళ్ళది. ఆ ఖర్చుల బాకీ కిందనే 1853లో బేరార్ కంపెనీ చేతికి పోయింది.

1945 అక్టోబరు 27న ఆ రెజిమెంటు పేరు కుమావూన్‌గా మారింది. అప్పటికి సిపాయిలు చాలావరకు ఉత్తరాదివాళ్ళే. హైదరాబాద్ పేరు పోయింది గానీ, శిలువ పట్టుకున్న సగం సింహం టోపీ మీద అలాగే ఉండిపోయింది. అది రస్సెల్ కుటుంబ చిహ్నం నుంచి వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక తీసేయడానికి అంతకంటే మంచి కారణం ఏం కావాలి? అయినా తీయలేదు. 1947 నవంబరు 3న బడ్గాంలో మేజర్ సోమనాథ్ శర్మ, 1962 నవంబరు 18న రెజాంగ్ లాలో మేజర్ షైతాన్ సింగ్ ఆ రెజిమెంటులోనే పోరాడి ప్రాణాలిచ్చారు. ఇద్దరికీ పరమవీర చక్ర దక్కింది. ఇవాళ ఆ సింహాన్ని చూసే జవానుకు గుర్తొచ్చేది రస్సెల్ కాదు, వాళ్ళిద్దరు.

మేం ఇంజనీర్లం డ్రాయింగులో ప్రతి గుర్తుకూ అర్థం పక్కనే రాస్తాం. బ్యాడ్జీకి అలా కుదరదు. పెట్టుకున్నవాళ్ళు చేసిన పనిని బట్టే దాని అర్థం ఏర్పడుతుంది.

ఈ స్వర్ణోత్సవాల్లో మన బడి బ్యాడ్జీ మార్చాలని కొందరు మిత్రులు ప్రతిపాదించారు. పాతబడిందని, చిన్నగా అచ్చువేస్తే అలుక్కుపోతోందని వాళ్ళ వాదన. గీతలు సరిచేసుకుందాం. బొమ్మ మాత్రం మార్చవద్దని నా మనవి. యాభై ఏళ్ళ పిల్లలు దాన్ని జేబుకు కుట్టుకున్నారు. అందులో ప్రతి గీతకూ అర్థం చెప్పగల గురువులు ఇంకా మన మధ్య ఉన్నారు. ముందు వారిని అడిగి రాయించి, ఆ కాగితాన్ని బడి లైబ్రరీలో భద్రపరుద్దాం. మార్పు సంగతి ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.