లెక్కలోకి రాని మొగుడు

తెలుగులో 'గొడ్రాలు' అనే మాట ఉంది. దానికి పుంలింగం చెప్పమంటే తడుముకుంటాం. నపుంసకుడు అంటారు కొందరు, కానీ అది వేరే సంగతి. కాపురం చక్కగా చేస్తూ, వీర్యంలో కణాలు లేని మగవాడికి వాడుకలో పేరే లేదు. పేరు లేని లోపాన్ని ఎవరు వెతుకుతారు?

విజయనగరం పూసపాటి రాజులు వంశపారంపర్య ధర్మకర్తలుగా ఉన్న సింహాచలంలో కప్పస్తంభం ఉంది. కౌగలించుకుంటే సంతానం కలుగుతుందని నమ్మకం. దంపతులిద్దరూ వెళ్తారు. ఆ మాటకొస్తే మొగుడూ పెళ్ళాలని కలిపి నిలబెట్టిన పరీక్ష మనవైపు చాలాకాలం అదొక్కటేనేమో! అదే పూసపాటి వంశంలో ఆనంద గజపతి 1897లో సంతానం లేకుండానే పోయారు. ఆయన తల్లి ఒక పిల్లవాడిని దత్తత తీసుకున్నారు. దాని మీద నడిచిన వ్యాజ్యంలో ఎస్టేటు తరఫున ఏళ్ళ తరబడి శ్రమపడ్డవాడు గురజాడ. వారసుడు లేని ఇంట్లో కోర్టు అడిగేది దత్తత చెల్లుతుందా అనే. ఎందుకు పుట్టలేదు అన్నది దానికి అక్కర్లేదు.

ఈ ఆనంద గజపతే విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన కన్యాశుల్కం పెళ్ళిళ్ళ జాబితా తీయించాడు. మొత్తం 1034. అందులో అయిదేళ్ళ పెళ్ళికూతుళ్ళు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు. గురజాడ తన నాటకం ముందుమాటలో ఈ అంకెలు ఇచ్చాడు. అంత ఓపిగ్గా పిల్లల వయసులు లెక్కపెట్టిన జాబితా అది. ముందుమాటలోకి ఎక్కిన అంకెల్లో మాత్రం పెళ్ళికొడుకుల వయసులు లేవు.

సాధనం లేక కాదు. డెల్ఫ్ట్ ఊళ్ళో బట్టల వర్తకుడు లేవెన్‌హుక్ 1677లోనే సూక్ష్మదర్శిని కింద వీర్యకణాలు చూశాడు. రాయల్ సొసైటీకి ఉత్తరం రాస్తూ, ఇది పాపం చేసి తెచ్చినది కాదు, దాంపత్యంలో మిగిలినదే అని ముందే సంజాయిషీ ఇచ్చుకున్నాడు. ఆ మొహమాటం రెండొందల ఏళ్ళు పోలేదు. 1860లలో అమెరికన్ వైద్యుడు మేరియన్ సిమ్స్ వీర్యకణాలు కదులుతున్నాయా అని వెతికినప్పుడు కూడా ఎక్కడ వెతికాడు? కలయిక తర్వాత భార్య శరీరంలో. మొగుడికి పరీక్ష, బల్ల మీద పడుకునేది పెళ్ళాం.

మగవాడి నమూనాని నేరుగా తీసుకుని, గళ్ళు గీసిన గాజుపలక మీద కణాలు లెక్కపెట్టి, ఆ అంకెకీ సంతానానికీ సంబంధం చూపిన పేరున్న అధ్యయనం మకోంబర్, సాండర్స్‌లది, 1929లో. ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదటి మాన్యువల్ 1980లో వచ్చింది. చాలాకాలం మిల్లీలీటరుకి 2 కోట్లు హద్దు. 2010లో అది కోటీ యాభై లక్షలు, 2021లో కోటీ అరవై లక్షలు అయింది. ఈ హద్దు ఎలా గీశారో చూస్తే నాలాంటి కోడు రాసేవాడికి కాస్త నవ్వొస్తుంది. ఏడాదిలోపు భార్యకి గర్భం వచ్చిన మగవాళ్ళని తీసుకుని, కింది 5 శాతం దగ్గర గీత పెట్టారు. అంటే తండ్రులైన వందమందిలో అయిదుగురు ఈ గీతకి కిందే ఉన్నారు. ఇది పాస్, ఫెయిల్ మార్కు కాదు. కానీ రిపోర్టులో 'తక్కువ' అని కనిపించగానే మగతనం మీదే తీర్పు చెప్పేసినట్టు ఇంటికొస్తాం. 2025లో వచ్చిన 'సంతాన ప్రాప్తిరస్తు' ఈ కౌంటు గొడవనే కథ చేసుకుంది. తెలుగు సినిమాకి ఇన్నాళ్ళు పట్టింది.

ఇందులో మనవైపు వాళ్ళకి ఇంకో చిక్కుంది. నమూనాని అరగంటలో, ఎంత ఆలస్యమైనా గంటలోపు, ఒంటి వేడి పోకుండా చూడాలి. ఇచ్ఛాపురంలో సీసాలో పట్టి విశాఖ రైలెక్కించలేం. రక్తం పంపొచ్చు, స్కాను కాగితాలు పంపొచ్చు. దీనికి మాత్రం మనిషే ల్యాబుకి వెళ్ళి, పేరు రాయించుకుని, డబ్బా చేత్తో పట్టుకుని గదిలోకి పోవాలి, వరండాలో అందరూ చూస్తుండగా. భార్యని మూడేళ్ళు ఆస్పత్రుల చుట్టూ తిప్పిన మనిషి ఇక్కడ గుమ్మంలో ఆగిపోతాడు.

ఒక్కసారి వెళ్తే కూడా సరిపోదు. రెండు నుంచి ఏడు రోజులు ఎడంగా ఉండి వెళ్ళాలి, తేడా కనిపిస్తే మళ్ళీ చేయించాలి. కణం తయారవడానికి రెండు నెలల పైనే పడుతుంది కాబట్టి సంక్రాంతి ముందు వచ్చిన జ్వరం శివరాత్రి దాటాక తీసిన లెక్కలోనూ కనిపించొచ్చు. ఇది గోరంత నొప్పి లేనిది, అన్ని పరీక్షల్లోకీ చవకైనవాటిలో ఒకటి. పిల్లలు లేని జంటల్లో దాదాపు సగం మందికి కారణం ఎంతో కొంత మగవాడి వైపు ఉంటుంది. అయినా చాలా ఇళ్ళలో ఇది జరిగేది ఆమెకి ట్యూబుల ఎక్స్‌రే, లాపరోస్కోపీ అయిపోయాకే.