సర్కారు అడవి, సర్కారు గొడ్డలి

సంగమునొద్ద పెన్నానదిలో వచ్చి కలియు బొగ్గేరు, బీరాపేరు పడమటి మెట్టసీమ నీటిని మోసికొనివచ్చును. ఆ తావున 1880ల దశకమున ఆనకట్ట వెలసి, కనిగిరి జలాశయమునకు నీరు పారి, నెల్లూరిసీమలో మాగాణి విస్తరించిన వృత్తాంతమును మనవారు పలుమారులు చెప్పికొనిరి. ఆ దశకముననే పడమటి కొండల అడవి గ్రామస్థుల చేతినుండి జారి, ‘రిజర్వు’ అను క్రొత్త పేరుతో సర్కారు దస్తరములకెక్క మొదలిడిన వృత్తాంతమును చెప్పికొన్నవారు మాత్రము తక్కువ. ఆనకట్ట కట్టించిన దొరతనమే అడవికిని హద్దురాళ్లు పాతించెను. ఒకదానివలన దానికి నీటితీరువ, రెండవదానివలన కలపసొమ్ము.

సర్కారు అడవిలో చెట్టు కొట్టవచ్చునా, కొట్టినచో ఎవరు కొట్టవలెను, ఎవరికొరకు కొట్టవలెను అను వాదమునకు మన జిల్లాలో బీజము పడినది కొండమీద గాదు, సముద్రపుటొడ్డున. నేడు తిరుపతి జిల్లాలో చేరిన శ్రీహరికోట దీవి అడవిని 1835లో దొరతనమువారు తమ వశము చేసికొనిరి. కారణమునందు రహస్యమేమియు లేదు: చెన్నపట్టణమునకు వంటచెరకు కావలెను, దానిని నీటిమార్గమున పడవలపై చేరవేయుట సులభము. ఆ దీవిలోని యానాదులు అంతవరకు తేనె, మైనము మొదలగు అడవిసరకులను సేకరించి, పొరుగూళ్లలో బియ్యమునకు మార్చికొని బ్రదుకుచుండిరి. అద్దకమునకు పనికివచ్చు చిరివేరు త్రవ్వుటలో వారిది అందెవేసిన చేయి. దొరతనము వారిని వెడలగొట్టలేదు; అంతకంటె నేర్పుతో, వారు తెచ్చు సరకును తానే పుచ్చుకొని, అడవిపనులకు వారినే నిలిపికొనెను. అడవిని కాపాడుట యను మాట ఈ సీమలో మొట్టమొదట వినవచ్చినది పట్టణపు పొయ్యిల నిమిత్తమే గదా! ఆ పుట్టుమచ్చ తరువాతి శాసనములన్నిటిమీదను కలదని నా తలంపు.

చెన్నరాజధానిలో అటవీశాఖ 1856లో ఏర్పడగా, హ్యూ క్లెగ్‌హార్ను అను స్కాట్లండు వైద్యుడు దానికి తొలి అధికారి ఆయెను. ఆ యేటనే రాయపురమునుండి వాలాజా వైపునకు దక్షిణదేశపు తొలి రైలు నడచెను. రెండును ఒక్క యేట సంభవించుట కాకతాళీయమే కావచ్చును గాని, పట్టాలక్రింద పరచుటకు దిమ్మలును, ఇంజనులో మండుటకు కట్టెలును కావలసిన రైలునకును అడవికిని గల బాంధవ్యము కాకతాళీయము గాదు. తీరపు ఇసుకనేలలలో సరుగుడు తోటలు వెలసినదియు ఈ కట్టెల కరవు నడుమనే.

1878లో భారత అటవీశాసనము వచ్చినపుడు చెన్నరాజధాని దానిలో చేరలేదు. ఆశ్చర్యమేమనగా, ప్రజలపక్షమున అడ్డుపడినది సర్కారులోని రెవెన్యూబోర్డే. ఏదో యొక గ్రామపు ఎల్లలలో చేరని అడవి ఈ రాజధానిలో దాదాపు లేదనియు, కట్టెలు, ఆకు, మేత జనులు అనాదిగా అనుభవించుచున్నారు గనుక ఆ హక్కును కలముపోటుతో కొట్టివేయుట న్యాయము కాదనియు బోర్డువారు పట్టుపట్టిరి. నాగలి, ఎరువు, ఎద్దు మూడును అడవితో ముడివడియున్నవని శిస్తు వసూలుచేయువారికి తెలియకపోదు. ఆ దయలో కొంత లెక్కయు ఉండెననుట తప్పుగాదు. తుదకు జర్మను దేశీయుడైన డీట్రిచ్ బ్రాండిస్ వచ్చి పరిశీలించి సలహా చెప్పిన మీదట, 1882లో ఈ రాజధానికి ప్రత్యేకముగా అటవీశాసనము ఏర్పడెను. నాలుగవ సెక్షను క్రింద ప్రకటన, పిదప హక్కులు కోరువారి అర్జీల విచారణ, పదునారవ సెక్షను క్రింద రిజర్వు నిర్ణయము. కాగితముమీద చూచినచో న్యాయముగనే యున్నది. ఉదయగిరి, రాపూరు పల్లెలలో గడువులోపల అర్జీ వ్రాయగలవారెందరు?

రిజర్వు అయినంతమాత్రమున నరకుట ఆగలేదు, ఒక పద్ధతికి వచ్చెను. అడవిని కూపులుగా విభజించి, వంతు వచ్చిన కూపును వేలము వేయుదురు. కొట్టిన దుంగపై గొడ్డలితో చెక్కు తీసి, ఆ తెల్లని చోట శాఖవారి సుత్తిముద్ర వేయుదురు. ముద్ర లేని దుంగ దొంగసొత్తు. పాటదారుని బండ్లు పట్టపగలు ఠాణా దాటును. నాగలి కొయ్యకై ఒక కొమ్మ కొట్టిన రైతు చీకటివేళ దాటవలెను. పశువులకు పుల్లరి, హద్దు దాటిన దూడ బందెలదొడ్డి పాలు, గార్డునకు కోడియో, నెయ్యియో. ఈ మొర మిక్కుటము కాగా 1912-13లో అటవీసంఘమొకటి విచారణ జరిపి, గ్రామోపయోగమునకు తగిన అడవులను రైతుల పంచాయతీల కప్పగింపవచ్చునని సలహా యిచ్చెను. ఆ పంచాయతీలు కొన్నిచోట్ల చక్కగా నడచెను, కొన్నిచోట్ల పెదరైతుల సొంత మేతబీళ్లయ్యెను. గ్రామము చేతికి రాగానే అడవి బాగుపడునని నమ్మువారు ఈ రెండవ సంగతిని మరువరాదు.

సహాయనిరాకరణోద్యమ కాలమున ఈ అసంతృప్తి రాజకీయ రూపము దాల్చెను. 1921లో పల్నాటి రైతులు పుల్లరి చెల్లింపమని నిలిచిరి; 1922 ఫిబ్రవరి 22న మించాలపాడు నాయకుడు కన్నెగంటి హనుమంతు పోలీసుల తుపాకులకు బలియయ్యెను. మన పెన్న యొడ్డున పల్లిపాడులో గాంధీజీ 1921 ఏప్రిల్ 7న ఆశ్రమమును ప్రారంభించినపుడు వినవచ్చిన మాటలు ఖద్దరు, మద్యనిషేధము, అస్పృశ్యతా నివారణము. అయినను అడవిపన్ను విషయమున పల్నాడు చూపిన త్రోవ ఆంధ్రదేశమంతట తెలిసిపోయెను.

రెండవ ప్రపంచయుద్ధమున పెట్రోలు కరవై బస్సులు బొగ్గుగ్యాసుతో నడచెను. వెనుకభాగమున కొలిమివంటి పీపా, దానిని రాజేయుటకొక కుర్రవాడు. ఆ బొగ్గంతయు ఏ అడవి కాలి వచ్చినదని బస్సెక్కినవారెవరును అడుగలేదు. సర్కారు అడవి కథ యిట్లుండగా, వెంకటగిరివంటి జమీందారీలలో అడవి జమీందారుది. మేతకును కట్టెకును అచ్చటి రైతు పడిన బాధ సర్కారు రైతు బాధకు తీసిపోయినది గాదు. 1948లో ఎస్టేటుల రద్దు శాసనము రాగానే, పోవనున్న ఆస్తిని పోకముందే అమ్ముకొను ఆశతో చెట్లు నేలకూల్చుదురను భయము పుట్టి, 1949లో ప్రైవేటు అడవుల పరిరక్షణకు వేరొక శాసనము చేయవలసివచ్చెను. ఎస్టేటులు సర్కారు పరమైన పిదప జమీందారీ అడవికిని సర్కారు అడవికిని యజమాని ఒక్కడే.

స్వతంత్ర ప్రభుత్వము 1952 విధానములో దేశమున మూడవవంతు నేల అడవిగా నుండవలెనని వ్రాసికొనియు, కలప ఆదాయమును వదలుకొనలేదు. 1976 రాజ్యాంగసవరణతో అడవి ఉమ్మడిజాబితాకు చేరెను. 1980 శాసనముతో కేంద్రపు అనుమతి లేనిదే అటవీభూమిని ఇతరకార్యములకు మరల్చరాదయ్యెను. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ తిరుముల్పాడ్ వ్యాజ్యములో సుప్రీంకోర్టు, దస్తరములో ఎవరి పేరున్నను అడవి అడవియేయనియు, కేంద్రము ఆమోదించిన ప్రణాళిక లేక చెట్టు కొట్టరాదనియు ఆదేశించినప్పుడు, నూరేండ్లు గ్రామస్థుని నిర్బంధించిన సంకెల మొదటిసారిగా సర్కారు చేతికే తగిలెను. 1992నుండి మన రాష్ట్రమున వెలసిన వనసంరక్షణ సమితులు పాత పంచాయతీల ఆలోచనకు పునర్జన్మమే.

ఇక మన పడమటి వెలిగొండల కలపలో తలమానికము ఎర్రచందనము. ఈ కొండలు, శేషాచలము, లంకమల, ఆ చుట్టుపట్ల తప్ప లోకమున మరెక్కడను తనంత తాను విరివిగా పెరుగని ఆ మాను మొదట అద్దకపురంగుగా ఐరోపాకు పోయెను. కృత్రిమ రంగులు వచ్చి ఆ వ్యాపారము పడిపోగా, సంగీతవాద్యములకొరకు జపాను, గృహోపకరణములకొరకు చైనా కొననారంభించెను. 1995లో అంతరించు జీవజాతుల వ్యాపారమును అదుపుచేయు అంతర్జాతీయ ఒడంబడికలో దీనికి చోటు దొరకినను దొంగనరకుట ఆగలేదు. 2015 ఏప్రిల్ 7న శేషాచలములో పోలీసు కాల్పులలో మడసినవారు ఇరువదిమంది. అందరును తమిళనాటి కూలీలు. పట్టుబడిన దుంగలను ప్రభుత్వమే డిపోలలో పేర్చి, గ్రేడులు కట్టి, ప్రపంచపు కొనుగోలుదారులను పిలిచి వేలము వేయుచున్నది. కాపలాదారుడే వర్తకుడైనపుడు ధర పెరుగుట అతనికి సంతోషమో, సంకటమో తెలియదు. కావలియు విక్రయమును వేరువేరు చేతులలో నుండుట మేలని నా అభిప్రాయము. 2023 నవంబరులో ఆ ఒడంబడికను నడుపు సంస్థ భారతదేశపు ఎర్రచందనమును తన ప్రత్యేక పరిశీలననుండి తొలగించినందున, సాగుచేసిన మాను అమ్ముకొనవచ్చునని రైతులు ఆశపడుచున్నారు. అయినను తన పట్టానేలలో తాను నాటి, నీరుపోసి పెంచిన ఎర్రచందనపు మానును కొట్టి బండికెత్తుటకు ఆ రైతు నేటికిని అటవీశాఖవారి అనుమతి పొందవలసియే యున్నది.